తామర మళ్లీ మళ్లీ వస్తోందా? ఫంగల్ ఇన్ఫెక్షన్‌ను గుర్తించి, పూర్తిగా తగ్గించుకోవడం ఎలా

"రెండు ట్యూబులు వాడానండీ, తగ్గింది. ఆపగానే మళ్లీ వచ్చింది."

ల్యాబ్‌లో చర్మం శాంపిల్ తీసే బల్ల దగ్గర కూర్చుని నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే. ఏ మందు రాశారని అడిగితే చాలామందికి పేరు తెలియదు. ఎవరో చెప్పారు, కొన్నారు, రాశారు, దురద ఆగింది. ఆ మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి మైక్రోస్కోప్ కింద పెడితే ఫంగస్ పోగులు గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. దురద ఆగింది కానీ ఫంగస్ చావలేదు. దురద ఆగడం వేరు, ఫంగస్ పోవడం వేరు. ఈ తేడా తెలియక నెలలు, ఏళ్లు బాధపడినవాళ్లను చూశాను కాబట్టి ఏం చేయాలో వరసగా రాస్తున్నాను. ఇది డాక్టర్‌కు బదులు కాదు. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి, ఏం అడగాలి, ఇచ్చిన మందు ఎలా వాడాలి అన్నది తెలుసుకోవడానికి.

ముందు ఫంగస్ అంటే ఏమిటో తెలుసుకోండి

తడి గోడ మీద బూజు, వానాకాలంలో లేచే పుట్టగొడుగు, పిండిని పొంగించే ఈస్ట్, ఇవన్నీ శిలీంధ్రాలే. మొక్కల్లా అనిపిస్తాయి గానీ మొక్కలు కావు, తమ ఆహారం తాము తయారు చేసుకోలేవు. ఉన్నచోటే ఎంజైములు వదిలి, చుట్టూ ఉన్నదాన్ని కరిగించి పీల్చుకుంటాయి. శాస్త్రవేత్తలు ఇప్పటిదాకా పేర్లు పెట్టినవి లక్షన్నర జాతుల దాకా ఉంటే, మనిషికి జబ్బు చేసేవి కొన్ని వందలే. దానికి ఒక కారణం మన ఒంటి వేడి. 37 డిగ్రీల దగ్గర చాలా ఫంగస్‌లు బాగా పెరగలేవు. చర్మం పైపొర, గోళ్లు, జుట్టు కాస్త చల్లగా ఉంటాయి, పైగా అక్కడ కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్ దొరుకుతుంది. తామర కలిగించే ఫంగస్‌ల తిండి ఆ కెరాటినే. అందుకే అవి లోపలికి పోకుండా పైపైనే పాకుతాయి.

ఫంగస్‌లు బాక్టీరియా కూడా కావు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. వాటి కణం నిర్మాణంలో మన కణానికి దగ్గర చుట్టం. అందుకే మన కణానికి దెబ్బ తగలకుండా ఫంగస్‌ను మాత్రమే చంపే మందులు తక్కువ. ఉన్న మందుల్లో ఎక్కువ భాగం ఒక చిన్న తేడాను పట్టుకుని పనిచేస్తాయి. మన కణం పొరలో కొలెస్ట్రాల్ ఉంటే, ఫంగస్ కణం పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. క్లోట్రిమజోల్, ఫ్లూకోనజోల్, ఇట్రాకోనజోల్ లాంటి 'జోల్' మందులు, టెర్బినాఫిన్ మందు ఆ ఎర్గోస్టెరాల్ తయారీని వేర్వేరు మెట్ల దగ్గర ఆపేస్తాయి. నిస్టాటిన్, ఆంఫోటెరిసిన్ బి నేరుగా ఎర్గోస్టెరాల్‌కు అతుక్కుని పొరకు చిల్లులు పెడతాయి. ఇక ఆస్పత్రిలో సెలైన్ ద్వారా ఎక్కించే కాస్పోఫంగిన్ లాంటివి ఫంగస్ చుట్టూ ఉండే గోడను కట్టనివ్వవు. ఆ గోడ మన కణాలకు అసలు లేదు.

మామూలు యాంటీబయాటిక్ వీటిలో ఏ పనీ చేయదు. పైగా మన ఒంట్లో ఉండే మంచి బాక్టీరియాను తగ్గించి, కాండిడా అనే ఈస్ట్ పెరగడానికి చోటిస్తుంది. తామరకు యాంటీబయాటిక్ బిళ్లలు మింగి వచ్చినవాళ్లను చూసినప్పుడల్లా బాధనిపిస్తుంది.

మచ్చను వెలుతురులో పెట్టి చూడండి

పగటి వెలుతురులో, తీరిగ్గా చూడండి. తామర మచ్చకు ఒక తీరు ఉంటుంది. గుండ్రంగా మొదలై బయటికి పాకుతుంది. అంచు కాస్త ఉబ్బి, ఎర్రగానో నల్లగానో, పొట్టు రేగుతూ ఉంటుంది. మధ్యభాగం మాత్రం తేరుకున్నట్టు మామూలుగా కనిపిస్తుంది. ఫంగస్ మధ్యలో ఉన్న తిండిని వదిలి కొత్త చర్మం వైపు పోతుంది, ఒళ్లు కూడా మధ్యలో దాన్ని అదుపు చేస్తుంది. ఫంగస్ చురుగ్గా ఉండేది అంచులోనే. ఈ ఒక్క మాట గుర్తుంటే చాలు, శాంపిల్ ఎక్కడ తీయాలో, మందు ఎక్కడిదాకా రాయాలో మీకే తెలిసిపోతుంది. వంటి రంగు ముదురుగా ఉంటే ఎరుపు కనిపించకపోవచ్చు. బూడిద, గోధుమ రంగుల్లో ఉంటుంది. అప్పుడు రంగు కాకుండా అంచునూ పొట్టునూ చూడండి.

గజ్జల్లో అయితే తొడ లోపలి వైపు అర్ధచంద్రాకారంలో పాకుతుంది. పాదాల్లో అయితే చివరి రెండు వేళ్ల సందు తెల్లగా నాని, పగిలి, వాసన వస్తుంది. ఒక్కోసారి వేళ్ల మధ్య ఏమీ ఉండదు, అరికాలంతా పొడిబారి సన్నటి పొట్టు లేస్తుంది. దాన్ని జనం ఎండిన చర్మం అనుకుని ఏళ్ల తరబడి వదిలేస్తారు. రెండు పాదాలూ, ఒకే ఒక అరచెయ్యీ ఇలా పొట్టు లేస్తుంటే ఫంగస్‌ను గట్టిగా అనుమానించాలి.

శోభి మచ్చలు ఇంకో రకం. మెడ, ఛాతీ, వీపు మీద తెల్లగానో గోధుమ రంగులోనో చిన్న చిన్న మచ్చలు, గోటితో గీకితే సన్నటి పొడి రాలుతుంది. దురద పెద్దగా ఉండదు. ఇది అందరి చర్మం మీదా ఉండే మలాసీజియా అనే ఈస్ట్ ఎక్కువ కావడం వల్ల వస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు.

నోట్లో తెల్లటి పూత, తుడిస్తే ఊడి కింద ఎర్రగా కనిపిస్తే కాండిడా కావచ్చు. పసిపిల్లల్లో, కట్టుడు పళ్లు పెట్టుకునేవాళ్లలో, ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడేవాళ్లలో మామూలే. ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలావరకు రాదు. ఇలాంటి కారణమేదీ లేకుండా పెద్దవాళ్లలో వస్తే షుగర్, హెచ్ఐవీ పరీక్షలు చేయించుకోవాలి. యోని దగ్గర విపరీతమైన దురద, విరిగిన పాలలాంటి గడ్డల తెల్లబట్ట కూడా కాండిడా లక్షణమే. తెల్లబట్టకు చెడు వాసన ఉంటే మాత్రం కారణం వేరే అయ్యుండొచ్చు. ఫంగస్ మందు వేసుకుని కూర్చోకండి.

ఇది తామరేనా? పోలికలు చూడండి

గజ్జి, తామర అని కలిపి అనడం మనకు అలవాటు. కానీ రెండూ పూర్తిగా వేరు. గజ్జి కంటికి కనపడీ కనపడని పురుగు వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు మీద చిన్న పొక్కులు, రాత్రిపూట ఎక్కువ దురద, ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి. తామరలో పురుగేమీ లేదు.

ఎగ్జిమా కూడా గుండ్రంగా రావచ్చు. అయితే మచ్చంతా ఒకేలా ఉంటుంది, మధ్యలో తేరుకోదు. సోరియాసిస్‌లో పొలుసు మందంగా, వెండి రంగులో ఉంటుంది, మోచేతుల మీద, మోకాళ్ల మీద ఎక్కువ. బొల్లిలో రంగు పూర్తిగా పోతుంది, పొట్టు ఉండదు.

ఒకదాని గురించి మాత్రం ఆగి చెప్పాలి. రంగు తగ్గిన మచ్చ మీద దూదిపోగుతో తాకి చూడండి, కళ్లు మూసుకుని. స్పర్శ తెలియకపోయినా, పక్క చర్మం కన్నా మొద్దుగా ఉన్నా అది తామర కాదు. కుష్ఠు మచ్చకు అలా ఉంటుంది. తొందరగా కనిపెడితే మందులతో పూర్తిగా నయమయ్యే జబ్బు అది. ఆలస్యం చేస్తేనే నరాలు దెబ్బతింటాయి. దురద లేదు, నొప్పి లేదు అని ఊరుకోకండి.

ఇంట్లో ఉన్న ట్యూబు తీసి పేరు చదవండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, డెక్సామెథసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏదున్నా అది స్టెరాయిడ్. చాలా ట్యూబుల్లో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపేసి ఉంటాయి. 'అన్నిటికీ ఒకటే' అన్నట్టు చేతికి అందుతాయి.

స్టెరాయిడ్ ఏం చేస్తుందంటే, ఫంగస్ మీద మన ఒళ్లు చేసే పోరాటాన్ని అణిచేస్తుంది. ఎరుపు, వాపు, దురద ఆ పోరాటం వల్లే వస్తాయి కాబట్టి రెండు రోజుల్లో అన్నీ తగ్గుతాయి. హాయిగా ఉంటుంది. అడ్డం లేని ఫంగస్ లోపల్లోపల పాకుతుంది, వెంట్రుకల కుదుళ్లలోకి కూడా దిగుతుంది. రాయడం ఆపగానే ఇంతకుముందు కన్నా పెద్దదై బయటపడుతుంది. అప్పటికి ఆ గుండ్రటి ఆకారం కూడా చెదిరిపోయి, డాక్టర్‌కే గుర్తుపట్టడం కష్టమవుతుంది. గజ్జల్లో, చంకల్లో ఎక్కువకాలం రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పోవు.

వాడి ఉంటే సిగ్గుపడొద్దు, దాచొద్దు. ట్యూబు ఖాళీదైనా సరే తీసుకెళ్లి డాక్టర్‌కు చూపించండి. ఎన్నాళ్లు రాశారో చెప్పండి. ఆపిన కొత్తలో దురద, ఎరుపు ఎగదన్నుతాయి, ముఖ్యంగా ముఖం మీద. ముందే తెలిస్తే టెన్షన్ పడి మళ్లీ అదే ట్యూబు అందుకోకుండా ఉంటారు.

పరీక్షకు ఎలా సిద్ధమవ్వాలి

ఒక్క చిన్న మచ్చ, చూడగానే తామర అని తెలిసేలా ఉంటే డాక్టర్ పరీక్ష లేకుండానే పైపూత ఇవ్వొచ్చు, తప్పు లేదు. కానీ ఈ సందర్భాల్లో శాంపిల్ తీయించమని మీరే అడగండి: మళ్లీ మళ్లీ వస్తున్నప్పుడు, స్టెరాయిడ్ వాడి ఉన్నప్పుడు, తలలో వచ్చినప్పుడు, గోళ్లు చెడినప్పుడు, వారాల తరబడి బిళ్లలు మింగాల్సి వచ్చినప్పుడు.

ఫంగస్ మందు రాస్తూ శాంపిల్ ఇస్తే లోపల ఉన్నా కనిపించకపోవచ్చు. కాబట్టి ఒకటి రెండు వారాల ముందు నుంచి పూత ఆపవచ్చా అని డాక్టర్‌ను అడగండి. ఆ రోజు మచ్చ మీద నూనె, పౌడర్, క్రీమ్ ఏమీ వద్దు. గోటి శాంపిల్ అయితే గోరు కత్తిరించుకుని రావద్దు, రంగు వేసుకోవద్దు.

బల్ల దగ్గర జరిగేది ఇది. మచ్చను స్పిరిట్‌తో తుడిచి ఆరనిస్తాం. మొద్దు బ్లేడును పడుకోబెట్టి అంచు మీద లోపలి నుంచి బయటికి మెల్లగా గీకుతాం. నొప్పి ఉండదు, రక్తం రాదు. నల్ల కాగితం మీద ఆ పొట్టు తెల్లటి నూకలా రాలుతుంది. చిటికెడు కూడా అక్కర్లేదు గానీ మరీ తక్కువైతే ఫలితం నమ్మలేం. దాన్ని గాజు స్లైడ్ మీద పెట్టి 10 నుంచి 20 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ఒక చుక్క వేసి, పైన పలచటి గాజుపలక కప్పి, కొద్దిగా వేడి చూపిస్తాం. ఆ మందు మన చర్మకణాలను కరిగించి అద్దంలా చేస్తుంది. గట్టి గోడ ఉన్న ఫంగస్ మాత్రం కరగదు. కొంతసేపయ్యాక లెన్స్ కింద చూస్తే, మసకగా ఉన్న కణాల మధ్య నుంచి పొడవాటి పోగు ఒకటి, మధ్యమధ్య అడ్డగోడలతో, అక్కడక్కడ కొమ్మలు వేస్తూ, ఏ కణం అంచునూ లెక్కచేయకుండా నేరుగా దాటుకుంటూ పోతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ పోగు కనపడగానే నా చెయ్యి ఆగుతుంది.

కొత్తలో నేను ఒక తప్పు చేశాను. వలలాంటి గీతలు చూసి ఫంగస్ ఉందని రాయబోయాను. పక్కనున్న సీనియర్ ఇంకాసేపు ఆగి చూడమన్నారు. ఆగితే ఆ గీతలు కరిగిపోయాయి. అవి కణాల అంచుల వెంట ఏర్పడే నీడలు మాత్రమే. ఆవిడ ఆపకపోతే ఫంగస్ లేని మనిషి వారాల తరబడి మందు మింగేవారు. అందుకే చెబుతున్నాను, ఈ పరీక్ష చూసే కన్ను మీద ఆధారపడి ఉంటుంది. ఒకసారి నెగెటివ్ వచ్చినా అనుమానం బలంగా ఉంటే రెండోసారి ఇవ్వండి.

స్లైడ్ ఫలితం ఆరోజే తెలుస్తుంది. ఏ జాతి ఫంగస్ అన్నది తెలియాలంటే కల్చర్ చేయాలి. సబురాడ్ అగర్ అనే మేత మీద 25 నుంచి 30 డిగ్రీల దగ్గర పెంచుతారు. తామర ఫంగస్ నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి నాలుగు వారాల దాకా ఆగాలి. రిపోర్ట్ రాలేదని ల్యాబ్‌ను తిట్టుకోకండి, అది పెరిగే తీరే అంత. ఉడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత కాంతి దీపం కింద శోభి మచ్చలు పసుపు బంగారు రంగులో, పిల్లుల నుంచి వచ్చే ఒక రకం తల తామర ఆకుపచ్చగా మెరుస్తాయి. గజ్జల్లో పగడపు రంగులో మెరిస్తే అది ఫంగస్ కాదు, బాక్టీరియా. దానికి మందు వేరు.

పూత మందు రాసే పద్ధతి

మంచి మందు ఇచ్చినా తగ్గకపోవడానికి చాలాసార్లు కారణం రాసే తీరే.

కడుక్కోండి, తుడుచుకోండి, పూర్తిగా ఆరనివ్వండి. చూపుడు వేలి చివరి గీత నుంచి కొన దాకా ఒక వరస క్రీమ్ తీసుకుంటే దాదాపు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులంత, వేళ్లతో సహా, చర్మానికి అది సరిపోతుంది. మచ్చ మీదే కాదు, అంచు దాటి రెండు సెంటీమీటర్ల దాకా రాయండి. కంటికి కనిపించే అంచు కన్నా ఫంగస్ ముందుకు వెళ్లి ఉంటుంది. బయటి నుంచి లోపలికి రాస్తే పక్కకు పాకించకుండా ఉంటారు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

టెర్బినాఫిన్ క్రీమ్ మామూలుగా ఒకటి రెండు వారాలు, క్లోట్రిమజోల్ లాంటివి రోజుకు రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు వాడతారు. మీకు ఎన్నాళ్లన్నది డాక్టర్ చెప్పిందే లెక్క. అయితే 'జోల్' పూతల విషయంలో ఒకటి అందరికీ వర్తిస్తుంది. మచ్చ మాయమయ్యాక కూడా ఇంకో వారం పది రోజులు రాయాలి. అందరూ ఆపేసేది సరిగ్గా అక్కడే. క్యాలెండర్ మీద మందు ముగిసే తేదీకి గుర్తు పెట్టుకోండి, చర్మం చూసి నిర్ణయించకండి.

శోభి మచ్చలకు కీటోకోనజోల్ లేదా సెలీనియం సల్ఫైడ్ షాంపూ ఒంటికి రాసి కొన్ని నిమిషాలు ఉంచి కడిగేయాలి. ఫంగస్ వారాల్లో పోతుంది, రంగు తిరిగి రావడానికి మాత్రం నెలలు పడుతుంది. రంగు రాలేదని మందు రాస్తూనే ఉండక్కర్లేదు. గీకితే పొడి రాలడం లేదంటే తగ్గినట్టే.

బిళ్లలు ఎప్పుడు కావాలి, ఏం చెప్పి తీసుకోవాలి

తలలో తామరకు పూత పనిచేయదు, ఫంగస్ వెంట్రుక లోపల ఉంటుంది. ఇది ఎక్కువగా పిల్లలకు వస్తుంది. జుట్టు మచ్చలు మచ్చలుగా ఊడి, విరిగిన వెంట్రుకలు నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. గ్రిసియోఫుల్విన్ గానీ టెర్బినాఫిన్ గానీ వారాల పాటు నోటి ద్వారా ఇవ్వాల్సిందే. ఒక్కోసారి తలమీద మెత్తటి గడ్డలా వాచి చీము కారుతుంది. దాన్ని మామూలు సెగ్గడ్డ అనుకుని కోయించకండి. సమయానికి మందు పడకపోతే అక్కడ జుట్టు ఎప్పటికీ మొలవకపోవచ్చు.

ఒళ్లంతా పాకినా, గోళ్లకు పట్టినా, పూతకు లొంగకపోయినా కూడా బిళ్లలే. తీసుకునే ముందు డాక్టర్‌కు ఇవి తప్పకుండా చెప్పండి. కాలేయం జబ్బు ఉందా, గర్భం ఉందా లేదా అనుకుంటున్నారా, పాలిస్తున్నారా, గుండె బలహీనత ఉందా, రోజూ ఏ బిళ్లలు వేసుకుంటారు. ఊరికే చెప్పడం లేదు. ఇట్రాకోనజోల్ గుండె పంపు చేసే శక్తిని తగ్గించగలదు, గుండె వైఫల్యం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్‌తో, రక్తం పలచబడటానికి వాడే వార్ఫరిన్‌తో 'జోల్' బిళ్లలు కలిస్తే ప్రమాదం. గర్భంలో గ్రిసియోఫుల్విన్ వద్దు. యోని ఇన్ఫెక్షన్‌కు కూడా గర్భిణులకు ఫ్లూకోనజోల్ బిళ్ల బదులు లోపల పెట్టే మందులే ఇస్తారు. కీటోకోనజోల్ షాంపూ మంచిదే కానీ, బిళ్ల కాలేయాన్ని దెబ్బతీస్తుందని 2013లో అమెరికా, యూరప్ ఔషధ సంస్థలు చర్మం, గోళ్ల జబ్బులకు వాడొద్దన్నాయి.

ఇట్రాకోనజోల్ మామూలు క్యాప్సూల్‌ను కడుపు నిండా తిన్నాక వేసుకోవాలి. గ్యాస్ బిళ్లలతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు, ఎందుకంటే అది కరగడానికి కడుపులో యాసిడ్ కావాలి. బిళ్లలు వాడుతుండగా కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సయించకపోయినా ఆపి వెంటనే డాక్టర్‌కు చూపించండి.

గోళ్ల సంగతి వేరు

చెడిన గోళ్లలో దాదాపు సగమే ఫంగస్ వల్ల. మిగతావి దెబ్బలు, సోరియాసిస్, బిగుతు చెప్పులు. అందుకే పరీక్ష లేకుండా గోటికి మందు మొదలుపెట్టకండి. టెర్బినాఫిన్ రోజుకు 250 మిల్లీగ్రాముల చొప్పున చేతి గోళ్లకు ఆరు వారాలు, కాలి గోళ్లకు పన్నెండు వారాలు పెద్దవాళ్లకు ఇచ్చే మామూలు లెక్క. మందు ముగిసేనాటికి గోరు ఇంకా వికారంగానే ఉంటుంది. నిరుత్సాహపడకండి. కాలి గోరు నెలకు ఒకటిన్నర మిల్లీమీటర్లే పెరుగుతుంది. పూర్తిగా కొత్త గోరు రావడానికి ఏడాది, ఏడాదిన్నర. మొదట్లో ఒక ఫోటో తీసుకుని, నెలకోసారి పక్కన పెట్టి చూడండి. మొదలు దగ్గర నుంచి శుభ్రమైన గోరు వస్తుంటే మందు పనిచేస్తున్నట్టే.

ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాల్సినవి

ఇప్పటిదాకా చెప్పినవి ప్రాణానికి ముప్పు తేని ఇన్ఫెక్షన్లు. ఇవి అలా కాదు. షుగర్ అదుపులో లేనివాళ్లకు, స్టెరాయిడ్లు ఎక్కువగా తీసుకున్నవాళ్లకు, అవయవ మార్పిడి జరిగినవాళ్లకు ముఖం ఒకవైపు నొప్పి, వాపు, ముక్కు నుంచి నల్లటి లేదా రక్తం కలిసిన స్రావం, కన్ను వాచడం, ఒకటి రెండుగా కనిపించడం ఉంటే మ్యూకర్ మైకోసిస్ కావచ్చు. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో భారతదేశంలో అందరూ బ్లాక్ ఫంగస్ అన్నది దీన్నే. నలుపు ఫంగస్‌ది కాదు, అది రక్తనాళాలను మూసేయడంతో చచ్చిన కండది. ఆపరేషన్, ఆంఫోటెరిసిన్ బి రెండూ కావాలి, గంటలు కూడా లెక్కే.

హెచ్ఐవీ ఉండి రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లకు రోజుల తరబడి తలనొప్పి, జ్వరం ఉంటే క్రిప్టోకాకస్ అనే ఈస్ట్ మెదడు పొరలకు చేరిందేమో చూడాలి. ఒక రక్తపు చుక్కతో చేసే పరీక్ష ఉంది. కంట్లో ఆకో పుల్లో తగిలి ఎర్రబడి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ వస్తే కంటి డాక్టర్ చూడకుండా స్టెరాయిడ్ చుక్కలు వేయకండి, చూపే పోవచ్చు.

తగ్గనప్పుడు మూడు ప్రశ్నలు

అసలు అది ఫంగసేనా? శాంపిల్ మళ్లీ ఇవ్వండి.

ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఒకే తువ్వాలు, ఒకే దుప్పటి వాడుతుంటే ఒకరు తగ్గించుకునేలోపు ఇంకొకరు అంటిస్తారు. అందరూ ఒకేసారి మందు వాడాలి. పెంపుడు పిల్లికో కుక్కకో జుట్టు ఊడిన మచ్చలుంటే దానికీ వైద్యం చేయించాలి. బట్టలు తిరగేసి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాకే తొడుక్కోండి. పాదాల్లో ఫంగస్ ఉంటే స్నానం అయ్యాక ముందు సాక్సులు వేసుకుని, ఆ తర్వాత లోదుస్తులు వేసుకోండి. లేదంటే కాలి నుంచి గజ్జలకు మీరే మోసుకెళ్తారు.

మందుకు లొంగని రకమా? టెర్బినాఫిన్ లెక్కచేయని ట్రైకోఫైటన్ ఇండోటినే అనే ఫంగస్‌కు 2020లో ఆ పేరు పెట్టారు. దక్షిణాసియాలో బాగా వ్యాపించి, ఇప్పుడు ఎన్నో దేశాల్లో కనిపిస్తోంది. అలాంటప్పుడు అదే మందు డోసు మీరే పెంచుకోవడం కాకుండా, కల్చర్ చేయించి, ఏ మందుకు లొంగుతుందో చూడమని చర్మవ్యాధుల డాక్టర్‌ను అడగండి. ఎక్కువగా ఇట్రాకోనజోల్‌కు మారుస్తారు, ఎక్కువ వారాలు వాడాల్సి వస్తుంది.

మందు ముగిసిన రెండు వారాలకు, మళ్లీ అదే పగటి వెలుతురులో, పాత మచ్చ అంచు ఎక్కడుండేదో అక్కడ వేలికొనతో మెల్లగా తడిమి చూడండి. రంగు తేడా మిగిలి ఉండొచ్చు, దాన్ని పట్టించుకోకండి. గరుకుగా ఏదైనా తగిలినా, గీకితే పొట్టు లేచినా, పాత ట్యూబు వైపు చెయ్యి చాచకుండా ఆ పొట్టును అలాగే ల్యాబ్‌కు తీసుకురండి.